ఏ ఊరి రాబర్ట్? ఎవరి కొడుకు రాబర్ట్?

అందరికీ నమస్కారం. వానలో కూడా ఇంతమంది వచ్చినందుకు సంతోషం.

ఒక విందుతో మొదలుపెడతాను. 1171, క్రిస్మస్ పండుగ. ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉత్తరాన, సముద్రం ఒడ్డున నార్మండీ ఉంది. అక్కడ బాయూ పట్టణం దగ్గర బ్యూర్ అనే చోట హెన్రీ కొలువు తీర్చాడు. ఈయన ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీ కొడుకు. తండ్రి బతికి ఉండగానే పట్టాభిషేకం జరిగింది కాబట్టి చరిత్రలో ‘చిన్నరాజు’ అంటారు. నార్మండీ నలుమూలల నుంచీ వీరులు వచ్చారు. వాళ్లలో ఇద్దరు పెద్ద అధికారులు ఒక గదిలో భోజనానికి కూర్చున్నారు. ఇద్దరి పేర్లూ విలియమే. విలియం అనే పేరు లేని వీరుడెవరూ ఈ గదిలో తినకూడదని వాళ్లు ఆజ్ఞ వేశారు. మిగతావాళ్లందరినీ బయటికి పంపేశారు. అప్పుడు గదిలో ఎంతమంది మిగిలారో తెలుసా? 110 మంది. అందరూ వీరులే, అందరూ విలియంలే. బయట పెద్ద సావడిలో రాజుతో కలిసి తింటున్న విలియంలు ఈ లెక్కలో లేరు.

ఈ సంగతి రాసిపెట్టిన ఆయన ఒక మఠాధిపతి. సముద్రం మధ్య కొండ మీద ఉన్న మోంట్ సెయింట్ మిషెల్ మఠానికి అధిపతి. ఆయన పేరు విలియం కాదు. రాబర్ట్. తోరిన్యీ ఊరి రాబర్ట్.

ఆ పేరే ఇవాళ మన విషయం. విలియంలందరి గురించీ చెప్పాలంటే ఒక్క సాయంత్రం చాలదు. రాబర్ట్‌ల గురించి చెప్తాను. వాళ్లలో ప్రాంతాలను ఏలే డ్యూకులున్నారు, కౌంట్లున్నారు, ఆర్చిబిషప్‌లున్నారు, మఠాధిపతులున్నారు. ఒకరి మీద ఒకరు కత్తి దూశారు, ఒకరికొకరు ఆశ్రయం ఇచ్చారు, ఒక రాబర్ట్‌కు ఇంకో రాబర్ట్ జైలు కాపలా కాశాడు. ఈ కాలం గురించి చదవడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు చాలా చిక్కులు వచ్చాయి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని, ఒక్కో రాబర్ట్‌కు ఒక్కో పేజీ ఇచ్చాను. అలా రాసుకుంటూ పోతే నాకు ఒకటి అర్థమైంది. ఆ పేర్లు ఊరికే పెట్టినవి కావు. పేరు కూడా ఆస్తే. పొలం, కోట, హక్కు ఎలా చేతులు మారాయో పేరు కూడా అలాగే చేతులు మారింది.

మొదట ఈ పేరు నార్మండీకి ఎలా వచ్చిందో చూద్దాం. నార్మన్లంటే ‘ఉత్తరం వాళ్లు’. స్కాండినేవియా నుంచి పడవల మీద దోపిడీకి వచ్చి, సీన్ నది ఒడ్డున స్థిరపడినవాళ్లు. వాళ్ల నాయకుడు రోలో. 911లో ఫ్రాంకుల రాజు మూడో చార్లెస్‌కూ రోలోకూ ఒప్పందం కుదిరింది. రోలోకు భూమి ఇస్తారు, అతను క్రైస్తవం తీసుకుని ఆ తీరాన్ని కాపాడాలి. జ్ఞానస్నానం వేళ అతనికి జ్ఞానతండ్రిగా నిలబడింది ఫ్రాంకుల పెద్ద దొర ఒకాయన. ఆయన పేరు రాబర్ట్. తర్వాత 922లో ఆయనే రాజు కూడా అయ్యాడు. జ్ఞానస్నానంలో రోలో తన జ్ఞానతండ్రి పేరే తీసుకున్నాడని డ్యూడో రాశాడు. డ్యూడో ఆ తర్వాత సుమారు వందేళ్లకు, డ్యూకుల ప్రాపకంలో కూర్చుని రాసినవాడు. కాబట్టి ఆయన చెప్పే ప్రతి మాటనూ కొంచెం ఆచితూచి తీసుకోవాలి. కానీ నార్మండీ డ్యూకులు తమ గురించి ఏం వినాలనుకున్నారో మాత్రం ఇందులో స్పష్టంగా ఉంది. మా మూలపురుషుడికి ఫ్రాంకుల దొర తన పేరు ఇచ్చాడు, మేం పరాయివాళ్లం కాదు అని.

రాబర్ట్ అనేది పాత జర్మానిక్ మాట. ‘కీర్తితో వెలిగేవాడు’ అని అర్థం. మన వైపు యశోధరుడు, కీర్తివర్మ అని పెట్టుకున్నట్టే.

ఆ కాలంలో వాళ్లకు ఇంటిపేర్లు ఇంకా స్థిరపడలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే ఏమంటాం? పొడుగు వెంకటేశ్వర్లు, కరణంగారి వెంకటేశ్వర్లు, చెరువుగట్టు వెంకటేశ్వర్లు. వాళ్లూ అంతే. ఊరు పేరు, తండ్రి పేరు, పదవి, లేకపోతే ఒంటి తీరు. మన వేంగి చాళుక్యులను చూడండి. విష్ణువర్ధనుడు, విజయాదిత్యుడు అనే పేర్లు తరతరాలుగా తిరుగుతూనే ఉంటాయి. కుబ్జ విష్ణువర్ధనుడు, గుణగ విజయాదిత్యుడు అని ముందొక మాట తగిలిస్తే తప్ప మనం కూడా వాళ్లను విడదీసి చెప్పలేం.

ఇప్పుడు నా నోటు పుస్తకంలో మొదటి పేజీ. ఈయన మీద నాకు ప్రత్యేకమైన ఆసక్తి. డ్యూక్ మొదటి రిచర్డ్ కొడుకు రాబర్ట్. 989లో రువాన్ నగరానికి ఆర్చిబిషప్ అయ్యాడు. 1037లో చనిపోయేదాకా, అంటే 48 ఏళ్లు ఆ పీఠం మీదే ఉన్నాడు. అదే సమయంలో ఎవ్రూ అనే ప్రాంతానికి కౌంట్ కూడా. ఒక చేతిలో దండం, ఇంకో చేతిలో కత్తి. ఆయనకు హెర్లెవా అనే భార్య, ముగ్గురు కొడుకులు. ఆర్చిబిషప్‌కు భార్య ఏమిటని మనకు అనుమానం వస్తుంది. తర్వాతి తరం మఠవాసి ఒర్డెరిక్ విటాలిస్‌కూ ఆ ఇబ్బంది ఉంది. ఆయన ఏమన్నాడంటే, ఆమెను ఆయన కౌంట్ హోదాలో పెళ్లి చేసుకున్నాడని. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులన్నమాట. ఈ ఒక్క మాటలో ఆనాటి నార్మండీ మొత్తం కనపడుతుంది నాకు. దొరల కుటుంబాలు వేరు, మతాధికారుల కుటుంబాలు వేరు కాదు. ఒకే ఇంట్లో ఒక కొడుక్కి కోట, ఇంకో కొడుక్కి పీఠం. కాబట్టే అటూ ఇటూ అవే పేర్లు.

1027లో డ్యూక్ మూడో రిచర్డ్ హఠాత్తుగా చనిపోయాడు. తమ్ముడు డ్యూక్ అయ్యాడు. తమ్ముడే విషం పెట్టించాడని పుకార్లు కూడా పుట్టాయి. ఆ తమ్ముడి పేరూ రాబర్టే. ఈ కొత్త డ్యూక్‌కు ఆర్చిబిషప్ రాబర్ట్ స్వయానా చిన్నాన్న. వచ్చీ రాగానే కుర్ర డ్యూక్ తన చిన్నాన్న మీదికే సైన్యంతో వెళ్లి ఎవ్రూను ముట్టడించాడు. చిన్నాన్న పారిపోయి ఫ్రాన్స్ రాజును ఆశ్రయించాడు. ఆ రాజు పేరేమిటో ఊహించండి. రాబర్ట్! రెండో రాబర్ట్, భక్త రాబర్ట్ అంటారు. రోలోకు జ్ఞానతండ్రిగా నిలిచిన రాబర్ట్‌కు మునిమనవడు. అంటే ఆ పేరు బయలుదేరిన ఇంటికే చిన్నాన్న వెళ్లాడు.

అక్కడి నుంచి ఆర్చిబిషప్ తన అసలు ఆయుధం తీశాడు. నార్మండీ మొత్తాన్ని వెలివేశాడు. కోటను పడగొట్టడానికి ఎంత సైన్యం కావాలో మనకు తెలుసు. కానీ పాపవిముక్తి అందకుండా పోతుందన్న భయం ఒక దేశం మీద ఎంత బరువుగా పడుతుందో ఈ కాలంలో మనం ఊహించడం కష్టం. కుర్ర డ్యూక్ దిగివచ్చాడు. చిన్నాన్నను పిలిపించి అన్నీ తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరికొకరు అండ అయ్యారు. 1035లో డ్యూక్ జెరూసలేం యాత్రకు బయలుదేరుతూ, ఏడెనిమిదేళ్ల కొడుకును వారసుడిగా ప్రకటించి వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో నికయా పట్టణంలో చనిపోయాడు. ఆ పిల్లవాడి వెనక గోడలా నిలబడింది ముసలి ఆర్చిబిషప్పే. ఆయన బతికి ఉన్న రెండేళ్లూ పరిస్థితి అదుపులో ఉంది. ఆయన పోయాక నార్మండీ తగలబడిపోయింది. ఆ పిల్లవాడే 1066లో ఇంగ్లండ్‌ను గెలిచిన విలియం.

ఆ పిల్లవాడి తల్లి పేరు కూడా హెర్లెవానే. ఫలేజ్ పట్టణం అమ్మాయి. ఆర్చిబిషప్ రాబర్ట్ భార్య హెర్లెవా, డ్యూక్ రాబర్ట్ సహచరి హెర్లెవా. ఇద్దరు రాబర్ట్‌లు, ఇద్దరు హెర్లెవాలు. నేను చాలాకాలం ఆ ఇద్దరినీ ఒకరే అనుకుని చదివాను. మీరు ఆ పొరపాటు చేయకూడదనే ఇంత వివరంగా చెప్తున్నాను.

ఈ డ్యూక్‌కు ఇంకో అన్యాయం జరిగింది. బతికి ఉన్నప్పుడు ఆయన చేతికి ఎముక లేదని పేరు, అందుకే ‘వైభవశాలి’ రాబర్ట్ అన్నారు. కానీ ఆయన పోయిన చాలాకాలానికి ‘సైతాను రాబర్ట్’ అనే కథ ఒకటి పుట్టింది. పిల్లలు లేని తల్లి సైతానును వేడుకుంటే పుట్టినవాడు, ఘోరాలు చేసి చివరికి పశ్చాత్తాపపడ్డవాడు అని. 13వ శతాబ్దం నాటికి ఆ కథ బాగా పాకింది. పేరు కలిసింది కాబట్టి దాన్ని తెచ్చి ఈ డ్యూక్‌కు అంటగట్టారు. రువాన్ దగ్గర సీన్ నది పైన ఉన్న ఒక పాడుబడ్డ కోటను ఈనాటికీ సైతాను రాబర్ట్ కోట అనే పిలుస్తున్నారు. ఒక మనిషి 27 ఏళ్ల వయసు అటూ ఇటూగా అధికారానికి వచ్చి, 8 ఏళ్లు ఏలి, పరాయి దేశంలో చనిపోయాడు. ఆయన పేరు మాత్రం ఎవరిదో కథను మోస్తూ ఉండిపోయింది.

జుమియెజ్ రాబర్ట్ గురించి కొంచెం త్వరగా చెప్తాను. జుమియెజ్ మఠాధిపతిగా ఉండి, 1040 ప్రాంతంలో అక్కడ పెద్ద ఆలయం మొదలుపెట్టాడు. పైకప్పు లేకుండా దాని జంట గోపురాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. నార్మండీలో పెరిగిన ఎడ్వర్డ్ ఇంగ్లండ్ రాజు కావడంతో, ఈయన 1044లో లండన్ బిషప్, 1051లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ అయ్యాడు. మరుసటి ఏడాదే ఆయన శత్రువు, దేశం వదిలిపోయిన ఇంగ్లండ్ దొర గాడ్విన్ సైన్యంతో తిరిగివచ్చాడు. ఈయన పారిపోయాడు. ఆయన బతికి ఉండగానే ఆ పీఠం మీద స్టిగాండ్ అనే ఆయనను కూర్చోబెట్టారు. 1066లో ఇంగ్లండ్ మీద దండయాత్రను సమర్థించుకోవడానికి నార్మన్లు చెప్పిన కారణాల్లో ఈ అన్యాయం ఒకటి. ఆయన తన మఠానికి ఇచ్చిన పూజాగ్రంథం రువాన్ గ్రంథాలయంలో భద్రంగా ఉంది. అందులో ‘మొదట జుమియెజ్ మఠాధిపతిని, తర్వాత లండన్ పీఠానికి అధిపతినైన రాబర్ట్ అనే నేను’ అని రాయించాడు. ఉత్త రాబర్ట్ అంటే చాలదని ఆయనకూ తెలుసు.

ఇప్పుడు ఇటలీకి వెళ్దాం. నార్మండీలో ఓట్‌విల్ అనే చిన్న ఊరికి దొర టాంక్రెడ్. ఆయనకు పన్నెండుమంది కొడుకులు. అంత చిన్న భూమిని పన్నెండుమందికి పంచితే ఎవరికేం వస్తుంది? అందుకే ఒకరి తర్వాత ఒకరు దక్షిణ ఇటలీకి కిరాయి సైనికులుగా వెళ్లారు. ఆరో కొడుకు రాబర్ట్ 1047 ప్రాంతంలో వెళ్లాడు. పశువులను తోలుకుపోవడంతో మొదలుపెట్టి, 1053లో చివితాతె యుద్ధంలో పోప్ సైన్యాన్ని ఓడించినవాళ్లలో ఒకడయ్యాడు. 1059లో మరో పోప్ చేతుల మీదుగానే అపులియా, కలాబ్రియాలకు డ్యూక్ అయ్యాడు. 1071లో బారీ నగరాన్ని పట్టి, బైజాంటియం వాళ్లను, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం వాళ్లను, ఇటలీ నుంచి పూర్తిగా వెళ్లగొట్టాడు. ఈయనకు వచ్చిన మారుపేరు ‘గిస్కార్’. జిత్తులమారి అని అర్థం. తిట్టు కాదు అది, బిరుదు. 1085లో కెఫలోనియా దీవిలో చనిపోతే ఇటలీలోని వెనోజాలో సమాధి చేశారు. ఆ సమాధి మీద ‘లోకాన్ని వణికించిన గిస్కార్ ఇక్కడ ఉన్నాడు’ అని రాశారు. అక్కడ మారుపేరు ఒక్కటే సరిపోయింది.

గిస్కార్ దగ్గరికి ఒక రోజు ఇంకో రాబర్ట్ చేయి చాచి వచ్చాడు. గ్రాన్‌మెనీల్ ఇంటి రాబర్ట్. ఆయన తండ్రి కూడా రాబర్ట్ అనే పేరున్న దొరే, యుద్ధంలో తగిలిన దెబ్బకు చనిపోయాడు. కొడుకు ఐదేళ్లు డ్యూక్ విలియం దగ్గర ఆయుధాలు మోసి, తర్వాత అన్నీ వదిలి సెయింట్ ఎవ్రూల్ మఠంలో సన్యసించాడు. 1059లో మఠాధిపతి అయ్యాడు. రెండేళ్లు తిరగకముందే డ్యూక్‌కు కోపం వచ్చింది. మఠం వదిలి రోమ్‌కు వెళ్లి పోప్‌కు మొరపెట్టుకున్నాడు. పోప్ ఉత్తరాలు ఇచ్చి పంపాడు. అప్పుడు విలియం అన్న మాటను ఒర్డెరిక్ రాసిపెట్టాడు: పోప్ దూతలు వస్తే ఆదరిస్తాను, కానీ నా దేశపు సన్యాసి ఎవడైనా నా మీద ఫిర్యాదు తెస్తే వాడి ముసుగుతోనే పక్క అడవిలోని ఎత్తైన ఓక్ చెట్టుకు ఉరి వేయిస్తాను.

ఇల్లూ వాకిలీ పోయిన ఆ మఠాధిపతికి గిస్కార్ కలాబ్రియాలో సాంతెయుఫెమియా అనే చోట భూమి ఇచ్చాడు. కొత్త మఠం కట్టించాడు. తన తల్లిని అక్కడే సమాధి చేయించాడు. మఠాధిపతితో పాటు ఆయన చెల్లెలు జుడిత్ కూడా వచ్చింది. తల్లి ఒకరే, తండ్రులు వేరు. ఆమెను గిస్కార్ తమ్ముడు, సిసిలీని గెలిచిన రోజర్ పెళ్లి చేసుకున్నాడు. మరి జుడిత్ తండ్రి ఎవరు? ఎవ్రూ వంశపు విలియం. ఆయన తండ్రి ఎవరు? మనం మొదట చెప్పుకున్న ఆర్చిబిషప్ రాబర్ట్! ఈ గీత నా నోటు పుస్తకంలో మొదటి పేజీ నుంచి ఏడో పేజీకి వెళ్లి కలిసిన రోజు నేను పొందిన ఆనందం మాటల్లో చెప్పలేను. సెయింట్ ఎవ్రూల్ మఠంలో పాడే కీర్తనల బాణీ ఈ సన్యాసులతో పాటు ఇటలీ వెళ్లింది. వెనోజా మఠంలో కూడా అదే బాణీ పాడేవారు. అంటే లోకాన్ని వణికించిన గిస్కార్ పడుకున్న చోట, తను ఆశ్రయం ఇచ్చిన రాబర్ట్ తెచ్చిన పాట వినిపించేది.

బాయూ పట్టణానికి చెందిన ప్రసిద్ధమైన కుట్టుపని బట్ట ఒకటి ఉంది, సుమారు 70 మీటర్ల పొడవు. 1066 దండయాత్రను బొమ్మలుగా కుట్టారు. అందులో ఒక చోట ముగ్గురు కూర్చుని ఉంటారు. మధ్యలో విలియం, ఒక పక్క బిషప్ ఓడో, ఇంకో పక్క ఒకాయన. ఆయన పైన ‘రొట్‌బెర్ట్’ అని మాత్రమే ఉంది. ఊరు లేదు, తండ్రి పేరు లేదు. ఆయన మోర్తెన్ కౌంట్ రాబర్ట్. ఫలేజ్ హెర్లెవాకు తర్వాతి భర్త వల్ల పుట్టిన కొడుకు, విలియంకు తమ్ముడు. అన్నదమ్ములతో కలిసి కూర్చున్న మనిషికి ఇంకే గుర్తు అవసరం? చూసేవాళ్లందరికీ తెలుసు. మనకు తెలియాలంటేనే ఇంత చదవాలి.

దస్తావేజుల్లో అయితే పని ఇంకా కష్టం. లేఖకులు చాలాసార్లు పేరు మొత్తం రాయరు. ‘ఆర్’ అని ఒక్క అక్షరం రాసి చుక్క పెడతారు. అది రాబర్ట్ కావచ్చు, రోజర్ కావచ్చు, రిచర్డ్, రాల్ఫ్, రెజినాల్డ్ కావచ్చు. ఆ ఒక్క అక్షరం ఎవరో తేల్చడానికి పరిశోధకులు పక్కనున్న సాక్షుల పేర్లు చూస్తారు, భూమి ఎక్కడుందో చూస్తారు, ముద్ర చూస్తారు. వాళ్ల ఓపికకు నేను చేతులెత్తి దండం పెడతాను.

విలియం తన పెద్ద కొడుక్కి తండ్రి పేరు పెట్టుకున్నాడు, రాబర్ట్ అని. తాత పేరు మనవడికి. కానీ ఆ కొడుకు పొట్టిగా, లావుగా ఉంటాడని ‘కర్ట్‌హోజ్’, అంటే పొట్టి మేజోళ్లవాడు అన్నారు. ఈ ఎగతాళి తండ్రి నోటి నుంచే వచ్చిందంటారు. తాత పేరు ఇచ్చిన నోరే ఆ పేరుకు ఎగతాళిని కూడా తగిలించింది. 1079లో జెర్బెరువా దగ్గర తండ్రీ కొడుకులు కత్తులతో ఎదురుపడ్డారు. తండ్రి గాయపడ్డాడు. ఆ ఇంట్లో ఏం జరిగిందో పూర్తిగా మనకు తెలియదు గానీ, ఆ మారుపేరు నాకెప్పుడూ ముల్లులా గుచ్చుకుంటుంది. 1087లో తండ్రి పోయాక నార్మండీ ఈయనకు వచ్చింది, ఇంగ్లండ్ తమ్ముడికి వెళ్లింది. 1096లో నార్మండీని ఆ తమ్ముడికే పదివేల వెండి మార్కులకు తాకట్టు పెట్టి, జెరూసలేం కోసం జరిగిన మతయుద్ధానికి, అంటే మొదటి క్రూసేడ్‌కు వెళ్లాడు. అక్కడ బాగా పోరాడాడని మంచి పేరు తెచ్చుకున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఆ తమ్ముడు పోయి, చిన్న తమ్ముడు హెన్రీ ఇంగ్లండ్ రాజై ఉన్నాడు. 1106 సెప్టెంబర్ 28న టిన్ష్‌బ్రే దగ్గర అన్నదమ్ముల యుద్ధం. డ్యూక్ రాబర్ట్ వైపు వెనక దళానికి నాయకుడు బెల్లెమ్ రాబర్ట్. హెన్రీ వైపు ఒక దళానికి నాయకుడు మ్యూలాన్ కౌంట్ రాబర్ట్, నలభై ఏళ్ల కిందట, 1066 దండయాత్రలో జరిగిన హేస్టింగ్స్ యుద్ధంలో పోరాడిన ముసలి వీరుడు. బెల్లెమ్ రాబర్ట్ తన దళంతో పారిపోయాడు. డ్యూక్ రాబర్ట్ పట్టుబడ్డాడు. ఆ రోజు నుంచి 1134లో చనిపోయేదాకా ఆయన బందీయే. 28 ఏళ్లు.

1126 తర్వాత ఆయన్ని కాపలా కాసింది ఎవరు? గ్లోస్టర్ రాబర్ట్. హెన్రీకి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు, అంటే బందీకి తమ్ముడి కొడుకు. వేల్స్‌లో కార్డిఫ్ కోట ఇతనిదే. రాబర్ట్ కోటలో రాబర్ట్ బందీ. ఇద్దరూ ఆ పాత డ్యూక్ రాబర్ట్ పేరు మోస్తున్నవాళ్లే, బందీకి ఆయన తాత, కాపలాదారుకు తాత తండ్రి. గ్లోస్టర్ రాబర్ట్ చదువుకున్నవాడు, పుస్తకాలంటే ప్రేమ ఉన్నవాడు. తర్వాత జరిగిన అంతర్యుద్ధంలో 1141లో ఇంగ్లండ్ రాజు స్టీఫెన్‌నే పట్టుకున్నాడు. అదే ఏడు తనూ పట్టుబడితే, అతన్ని విడిపించడానికి రాజును వదలాల్సి వచ్చింది. రాజుకు సమానమైన వెల పలికిన మనిషి, పెళ్లి కాని తల్లికి పుట్టాడు కాబట్టి రాజు కాలేకపోయాడు. ముసలి పెదనాన్నతో కార్డిఫ్‌లో అతను ఎలా ఉన్నాడన్నది ఎవరైనా రాసి ఉంటే ఎంత బాగుండేది!

గ్లోస్టర్ రాబర్ట్‌కు భార్య వైపు నుంచి ఇంకో కోట కూడా వచ్చింది. ఆమె తండ్రి రాబర్ట్ ఫిట్జ్‌హామన్‌ది, నార్మండీలో. ఆ ఊరి పేరు తోరిన్యీ.

ఆ ఊళ్లోనే 1110 ప్రాంతంలో మన మఠాధిపతి పుట్టాడు. 1128లో బెక్ మఠంలో చేరాడు, 1154లో మోంట్ సెయింట్ మిషెల్ అధిపతి అయ్యాడు. 32 ఏళ్లు ఆ కొండ మీద ఉండి పుస్తకాలు సేకరించాడు, భవనాలు కట్టించాడు, ఏడాది ఏడాదికీ ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ కోట ఎవరి చేతికి వెళ్లింది అని రాస్తూ పోయాడు. 1161లో రెండో హెన్రీకి ఎలియనోర్ అనే కూతురు పుడితే, జ్ఞానతండ్రిగా నిలబడింది ఈయనే. ఆ 110 మంది విలియంలను మనకు అందించింది కూడా ఈయనే. ఈయన లేకపోతే ఇవాళ నేను చెప్పినవాటిలో కొన్ని ముడులు ఎప్పటికీ విడిపోయేవి కావు.

1186లో ఆయన చనిపోయాడు. అక్కడి ఆలయంలోనే సమాధి చేశారు. కాలం గడిచింది, మఠం జైలుగా కూడా మారింది, సమాధి ఎక్కడుందో మరిచిపోయారు. 1875లో ఆలయం ముందు తవ్వుతుంటే ఒక శవపేటిక బయటపడింది. అందులో ఎముకలు, వాటితో పాటు ఒక సీసపు బిళ్ల. దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. పెట్టినవాళ్లకు తెలుసు, ఏదో ఒకరోజు ఎవరో తెరిచి చూసి, ‘ఏ రాబర్ట్?’ అని అడుగుతారని. పేరు పక్కనే ఊరు కూడా రాశారు. తోరిన్యీ.